డాన్ ఆఫ్ ది డెడ్ (1978): చూసేముందు, చూశాక అందరూ అడిగే ప్రశ్నలు

జాంబీ సినిమాల గురించి ఎవరితో మాట్లాడినా, మాట తిరిగి తిరిగి జార్జ్ రొమెరో తీసిన ఈ సినిమా దగ్గరికే వస్తుంది. నేను దీన్ని చాలాసార్లు చూశాను, చాలామందికి చూపించాను. చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి. చివర్లో ఒక ప్రశ్న క్లైమాక్స్ గురించి. ఇంకా చూడనివాళ్లు దాన్ని దాటేయండి. అక్కడ మళ్లీ గుర్తుచేస్తాను.

కథ ఏంటి?

చచ్చిపోయినవాళ్లు లేచి బతికున్నవాళ్లను తింటున్నారు. ఎందుకు లేస్తున్నారో సినిమా చెప్పదు. ఫిలడెల్ఫియాలోని ఒక టీవీ స్టేషన్‌లో పనిచేసే ఫ్రాన్, అక్కడే ట్రాఫిక్ వార్తల కోసం హెలికాప్టర్ నడిపే స్టీఫెన్, పోలీసు స్వాట్ దళంలోని రోజర్, పీటర్. ఈ నలుగురూ ఆ హెలికాప్టర్‌లో ఊరు వదిలి పారిపోతారు. దారిలో ఒక పెద్ద షాపింగ్ మాల్ కనిపిస్తే దాని మీద దిగుతారు. కాసేపు ఆగి, కావాల్సింది తీసుకుని వెళ్లిపోదాం అనుకుంటారు. కానీ అన్నీ అక్కడే ఉన్నాయి. ఇక వెళ్లాలనిపించదు. నెలల తరబడి ఉండిపోతారు. మిగతా కథంతా ఆ మాల్‌లోనే.

ముందు 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చూడాలా?

అవసరం లేదు. రెండిట్లో ఒక్క పాత్ర కూడా ఉమ్మడిగా లేదు. అయినా వీలైతే చూడండి, గంటన్నర సినిమా. పెన్సిల్వేనియాలోని ఎవాన్స్ సిటీ దగ్గర బ్లాక్ అండ్ వైట్‌లో, చాలా తక్కువ డబ్బుతో తీశారు. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ నోటీసు వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పొరపాటుతో సినిమా పబ్లిక్ డొమైన్‌లోకి పోయింది, అంటే దాని మీద ఎవరికీ హక్కు లేకుండా పోయింది. అందుకే అది ఈరోజుకీ నెట్‌లో ఎక్కడపడితే అక్కడ ఉచితంగా దొరుకుతుంది. ప్రపంచమంతా జాంబీలను నేర్చుకున్నది ఆ సినిమా నుంచే, తీసినవాళ్లకు మాత్రం రావాల్సిన డబ్బు రాలేదు. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా బాధగా ఉంటుంది.

జాంబీ అంటే మన బేతాళుడి లాంటిదా?

మా అమ్మ కూడా ఇదే అడిగింది. రెండూ శవాలతో ముడిపడినవే, పోలిక అక్కడితో సరి. చందమామలో మనం చదువుకున్న బేతాళుడికి తెలివుంది, మాటుంది, కథలు చెప్తాడు, ప్రశ్నలు వేస్తాడు, విక్రమార్కుడు నోరు తెరవగానే శవంతో సహా మాయమై మళ్లీ చెట్టెక్కుతాడు. రొమెరో జాంబీకి ఇవేవీ లేవు. మాట రాదు, పగ లేదు, ఎవరి మీదా కోపం లేదు. ఆకలి ఒక్కటే.

జాంబీ అనే మాట హైతీ నుంచి వచ్చింది. అక్కడి నమ్మకంలో అది మాంత్రికుడు లేపి, బానిసలా పనిచేయించుకునే శవం. చెరకు తోటల్లో బానిసత్వం చవిచూసిన జనానికి, చచ్చాక కూడా చాకిరీ తప్పదన్న ఊహ ఎంత భయంకరమో చెప్పక్కర్లేదు. రొమెరో ఆ యజమానిని తీసేశాడు. ఇక్కడ ఎవరూ లేపరు, ఎవరూ పని చెప్పరు. కరిస్తే చస్తారు, చస్తే లేస్తారు, తల పగిలితేనే ఆగుతారు. ఆ తర్వాత వచ్చిన జాంబీ సినిమాలు, సీరియళ్లు, వీడియో గేమ్‌లు చాలావరకు ఈ నియమాల మీదే నడిచాయి.

మరి జాంబీలు మాల్‌కే ఎందుకు వస్తాయి?

సినిమాకి ఇదే ఆయువుపట్టు. నలుగురూ పైకప్పు మీది నుంచి కిందికి చూస్తారు. పార్కింగ్ నిండా జాంబీలు, తలుపుల దగ్గర గుంపులు. ఇక్కడికెందుకు వస్తున్నారని ఫ్రాన్ అడుగుతుంది. ఏదో అలవాటు, జ్ఞాపకం, వాళ్ల బతుకులో ఇది ముఖ్యమైన చోటు అని స్టీఫెన్ జవాబిస్తాడు. లోపల మనుషులున్నారని కూడా కాదు, వాళ్లకు ఆ చోటే కావాలి.

నేను మొదటిసారి చూసినప్పుడు ఈ మాట పెద్దగా ఎక్కలేదు. తర్వాతి ఆదివారం ఇంట్లోవాళ్లతో మాల్‌కి వెళ్లాను. కొనాల్సింది ఏమీ లేదు. ఎస్కలేటర్ ఎక్కాం, ఒక చుట్టు తిరిగాం, దిగాం, మళ్లీ ఎక్కాం. మా ముందు ఒకాయన ఖాళీ చేతులతో, అద్దాల వెనక బొమ్మలకు తొడిగిన బట్టలు చూస్తూ మెల్లగా నడుస్తున్నాడు. ఎక్కడా ఆగట్లేదు. నేనూ అలాగే నడుస్తున్నానని అప్పుడు తట్టింది. ఒళ్లు జలదరించింది.

రొమెరో జాంబీలను అంత నెమ్మదిగా ఎందుకు నడిపించాడో అర్థం కావాలంటే ఆ ఎస్కలేటర్ సీన్లు మళ్లీ చూడండి. మెట్లు కదులుతుంటే కాలు ఎక్కడ వేయాలో తెలియక తడబడతారు, పడతారు, లేస్తారు. వేసుకున్న బట్టలను బట్టి ఒక్కొక్కరూ బతికుండగా ఎవరో తెలుస్తుంది. ఒక నర్సు, ఒక నన్, బేస్‌బాల్ చొక్కాలో ఒక కుర్రాడు, కాషాయం కట్టిన ఒక హరేకృష్ణ భక్తుడు. తర్వాత ఒకచోట అసలు వీళ్లెవరు అన్న ప్రశ్న వస్తే, వాళ్లు మనమే, అంతే అంటాడు పీటర్. సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే మాట, నరకంలో చోటు నిండిపోతే చచ్చినవాళ్లు భూమ్మీద నడుస్తారన్నది, దాని వెంటనే వస్తుంది. ట్రినిడాడ్‌లో పూజారిగా ఉన్న తన తాత చెప్పేవాడంటాడు పీటర్. పోస్టర్ మీదికి ఎక్కింది ఈ తాత మాటే. నన్నడిగితే ముందు చెప్పిన చిన్న మాటే పెద్దది.

ఈ ఆలోచన రొమెరోకి ఎలా వచ్చింది?

పిట్స్‌బర్గ్ శివార్లలో మన్రోవిల్ మాల్ 1969లో తెరిచారు. దాన్ని కట్టినవాళ్లు రొమెరోకి తెలుసు. వాళ్లు ఆయన్ని లోపలంతా తిప్పి చూపించారు. జనం చూడని పై గదులు, వాటిలో అత్యవసరాల కోసం దాచిన పౌర రక్షణ సామాను కూడా చూపించారు. ఉపద్రవం వస్తే ఇక్కడే దాక్కుని బతకొచ్చు అన్న ఊహ అక్కడ పుట్టింది. సినిమాలో నలుగురూ దాక్కునే గదిలో ఆ పెట్టెలు అలాగే కనిపిస్తాయి.

ఇక్కడ కాలం కూడా చూడాలి. పూర్తిగా కప్పు వేసి, ఏసీ పెట్టిన మొదటి అమెరికన్ మాల్ మినసోటా రాష్ట్రంలోని సౌత్‌డేల్, 1956. దాన్ని డిజైన్ చేసిన విక్టర్ గ్రూయెన్ వియన్నా నుంచి వచ్చినవాడు. కార్లలో విడివిడిగా తిరిగే జనానికి వియన్నా వీధుల్లాంటి ఒక కూడలి ఇవ్వాలన్నది ఆయన కోరిక. చివరికి చుట్టూ పార్కింగ్, మధ్యలో దుకాణాలు మిగిలాయి. తన పేరు వాటికి అంటగట్టొద్దని ఆయనే అన్నాడు. 1977 నాటికి ఇలాంటివి అమెరికా అంతటా లేచాయి, కానీ ఇంకా కొత్త వింతే. సినిమాలో నలుగురూ మాల్‌ని పైనుంచి చూసి ఆశ్చర్యపోవడం అందుకే.

నిజంగా మాల్‌లోనే తీశారా?

అవును. 1977 నవంబర్‌లో మొదలుపెట్టి 1978 ఫిబ్రవరి దాకా. పగలంతా మాల్ తెరిచే ఉండేది, కాబట్టి షూటింగ్ రాత్రి దుకాణాలు మూశాకే. పొద్దున 7 గంటలకల్లా సర్దేయాలి, ఎందుకంటే ఆ టైముకి మాల్‌లో సంగీతం దానంతటదే మోగేది, దాన్ని ఆపే వీలు లేదు. డిసెంబర్‌లో క్రిస్మస్ అలంకరణలు పెట్టారు. రోజూ తీసి, మళ్లీ పెట్టడం అయ్యే పని కాదు కాబట్టి కొన్ని వారాలు షూటింగ్ ఆపేశారు. ఆ టైములో రొమెరో అప్పటిదాకా తీసింది ఎడిట్ చేసుకున్నాడు.

అన్నీ మాల్‌లోవి కావు. దాక్కునే గది పిట్స్‌బర్గ్‌లో రొమెరో సొంత కంపెనీ ఉన్న భవనంలో వేసిన సెట్. తుపాకుల దుకాణం ఊళ్లో ఇంకోచోటిది. మాల్‌లో అలాంటి దుకాణమే లేదు. ఎడిటింగ్‌లో ఎంత బాగా అతికించారంటే, చెప్తే తప్ప తెలియదు. ఐస్ స్కేటింగ్ రింక్ మాత్రం నిజంగా ఆ మాల్‌దే.

దీన్ని వ్యంగ్యం అంటారు. నాకు రక్తమే కనిపించింది. వ్యంగ్యం ఎక్కడుంది?

జాంబీలు మాల్‌లో తిరగడమే వ్యంగ్యం అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. అది పైపొర. అసలు దెబ్బ బతికున్నవాళ్ల మీద ఉంది.

తలుపులకు అడ్డంగా లారీలు తెచ్చి పెట్టి, లోపలి జాంబీలన్నిటినీ కాల్చేసి, మాల్ తమ చేతికి వచ్చాక వాళ్లు ఏం చేస్తారో చూడండి. కోట్లు తొడుక్కుంటారు, గడియారాలు పెట్టుకుంటారు, వీడియో గేమ్‌లు ఆడతారు. బ్యాంకులోకి వెళ్లి నోట్ల కట్టలు తీసుకుంటారు. బయట ప్రభుత్వమే కూలిపోతోంది, ఆ కాగితంతో కొనడానికి ఏమీ లేదు. అయినా తీసుకుంటారు, పైగా బ్యాంకు కెమెరా ముందు ఫోజు ఇస్తారు. నిజం చెప్పాలంటే ఆ సీన్లు చూస్తుంటే హాయిగా ఉంటుంది. మనమూ అదే చేస్తాం. రొమెరో ఆ హాయిని మన నుంచి లాక్కోడు, మనల్ని పూర్తిగా అనుభవించనిస్తాడు. నాకు ఈ సినిమా మీద గౌరవం పెరిగింది ఇక్కడే. మాల్‌ని ఇష్టపడేవాళ్లను చూసి ముఖం చిట్లించే సినిమా అయితే ఇన్నేళ్లు నిలిచేది కాదు.

ఆ తర్వాత మెల్లగా ఆ హాయి మాడిపోతుంది. పై గదికి దుకాణాల నుంచి సోఫా, టీవీ, దీపాలు తెచ్చి అచ్చం ఒక ఇంటిలా సర్దుకుంటారు. టీవీలో ఏ స్టేషనూ రాదు. అయినా పెట్టుకుని గీతల వైపు చూస్తూ కూర్చుంటారు. ఒక రాత్రి పీటర్ వంట చేసి, వడ్డించే కుర్రాడిలా నిలబడి స్టీఫెన్‌కీ ఫ్రాన్‌కీ క్యాండిల్ లైట్ డిన్నర్ పెడతాడు. స్టీఫెన్ ఉంగరం ఇస్తాడు. ఫ్రాన్ వద్దంటుంది, ఇప్పుడు అది నిజమైంది కాదని. ఉంగరం నిజమైందే, బంగారమే. మాల్‌లో అంతకంటే మంచివి ఇంకెన్నో ఉన్నాయి. దుకాణంలో దొరకనిదేదో ఆమెకు తెలిసింది, స్టీఫెన్‌కి తెలియలేదు.

చివరికి బైక్‌ల ముఠా ఒకటి మాల్ మీద పడుతుంది. వాళ్లు దోచుకుని పోయేదాకా ఓపిక పడితే సరిపోయేది. పీటర్ అదే చెప్తాడు. స్టీఫెన్ ఆగలేడు. ఇది మాది, మేం గెలుచుకున్నాం అంటూ తుపాకీ ఎత్తుతాడు. ఎవరిదో మాల్, ఎవరో పెట్టుకున్న సరుకు, వాడుకునేవాళ్లు లేని వస్తువులు. వాటికోసం అతను ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అది చూస్తుంటే నాకు జాంబీల మీద భయం పోయి, ఆ ఒక్క ‘మాది’ అన్న మాట మీద భయం మొదలైంది.

మొదట్లో వచ్చే అపార్ట్‌మెంట్ గొడవకీ మాల్‌కీ సంబంధం ఏంటి?

చాలామంది అది వేరే సినిమాలా ఉందంటారు. పేద నల్లజాతివాళ్లు, ప్యూర్టోరికో వాళ్లు ఉండే కట్టడం అది. చనిపోయినవాళ్లను ప్రభుత్వానికి అప్పగించాలని ఆర్డర్ వస్తుంది, వాళ్లు ఇవ్వరు. తమ మనుషుల శవాలను గౌరవంగా ఉంచుకోవాలని కింది గదిలో దాచుకుంటారు. పోలీసులు తలుపులు పగలగొడతారు. వాళ్లలో ఒకడు బూతులు తిడుతూ కనిపించినవాళ్లనల్లా కాలుస్తాడు. అతనికి జాంబీ ఒక సాకు మాత్రమే.

ఈ సీన్ లేకపోతే మాల్‌కి బరువు రాదు. నగరంలో పేదల గదుల్లో శవాలు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. శివార్లలో మాల్ తళతళలాడుతూ ఖాళీగా ఉంది. సినిమా రెండింటినీ పక్కపక్కన పెట్టి నోరు మూసుకుంటుంది. 1968 సినిమాలో హీరో డ్యువేన్ జోన్స్ నల్లజాతివాడు, ఇందులో పీటర్‌గా వేసిన కెన్ ఫోరీ కూడా. హాలీవుడ్ హారర్‌లో అప్పట్లో అది మామూలు విషయం కాదు.

ఫ్రాన్ పాత్ర ఎందుకు అంత నెమ్మదిగా ఉంటుంది?

మొదట అలా అనిపిస్తుంది. ఆమె గర్భవతి. మగవాళ్లు ముగ్గురూ ఆమె వినట్లేదనుకుని కడుపు గురించి తమలో తాము మాట్లాడుకుంటారు. ఆమె వింటుంది. తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టి, నాకూ తుపాకీ కావాలి, నిర్ణయాల్లో నా మాటా ఉండాలి, హెలికాప్టర్ నడపడం నేర్పండి అని తేల్చి చెప్తుంది. ఆ ఒక్క డిమాండే చివర్లో ప్రాణాలు కాపాడుతుంది. గేలెన్ రాస్ ఈ పాత్రను అరుపులు లేకుండా చేసింది. మూసిన గాజు తలుపుకి ఇటు ఫ్రాన్, అటు ఆ బేస్‌బాల్ చొక్కా కుర్రాడు నేల మీద కూర్చుని ఒకరినొకరు చూసుకునే సీన్ ఒకటుంది. మాటల్లేవు. అతను తల కాస్త వంచుతాడు. అంతే. సినిమాలో అంత జాలి పుట్టించే క్షణం ఇంకోటి లేదు.

రక్తం పెయింట్‌లా, జాంబీలు నీలంగా ఎందుకున్నాయి?

మేకప్ చేసింది టామ్ సవీని. వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి, నిజమైన శవాలను దగ్గరి నుంచి చూసి వచ్చినవాడు. 1968 సినిమా బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ఆ రంగుకి దగ్గరగా బూడిద రంగు వేశాడు. మాల్ దీపాల కింద, ఫిల్మ్ మీద అది నీలంగా, కొన్నిచోట్ల ఆకుపచ్చగా వచ్చింది. రక్తం మరీ ఎర్రగా వచ్చింది. సవీనికి అది నచ్చలేదు. కామిక్ పుస్తకంలా ఉందని రొమెరోకి నచ్చింది. నాకు రొమెరో చెప్పిందే సరైనదనిపిస్తుంది. రక్తం అచ్చంగా ఉంటే రెండు గంటలు చూడలేం. బైకర్లలో కత్తి పట్టుకుని తిరిగే మీసాలాయన సవీనే.

పిల్లలతో చూడొచ్చా?

వద్దు. మొదటి పావుగంటలోనే తల పేలిపోతుంది, మనిషిని కొరికి మాంసం పీకుతారు. అమెరికాలో దీనికి ఎక్స్ రేటింగ్, అంటే పిల్లలను అసలు రానివ్వని రేటింగ్, ఇస్తామన్నారు. ఆ రేటింగ్ అంటే బూతు సినిమా అనుకుంటారని, 1979లో అసలు రేటింగ్ లేకుండానే విడుదల చేశారు. అప్పట్లో అది పెద్ద సాహసం. చాలా థియేటర్లు, పేపర్లు అలాంటి సినిమాలను దగ్గరికి రానిచ్చేవి కావు.

ఎన్ని వెర్షన్లున్నాయి? ఏది చూడాలి?

ముఖ్యంగా 3. అమెరికాలో విడుదలైంది 127 నిమిషాలు. ఫ్రాన్స్‌లోని కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ కోసం తయారుచేసింది 139 నిమిషాలు. ఇటలీ దర్శకుడు డారియో అర్జెంటో ఈ సినిమాకి డబ్బు సమకూర్చడంలో సాయం చేసి, బదులుగా యూరప్ వెర్షన్‌ని తన ఇష్టప్రకారం ఎడిట్ చేసుకున్నాడు. అది దాదాపు 2 గంటలు, ‘జాంబీ’ పేరుతో ఇటలీలో 1978 సెప్టెంబర్‌లోనే, అమెరికా కంటే ముందే వచ్చింది. అందులో గాబ్లిన్ బ్యాండ్ సంగీతం నిండా ఉంటుంది, వేగంగా పరుగెడుతుంది, నవ్వు తక్కువ.

మొదటిసారి చూసేవాళ్లు 127 నిమిషాలదే చూడండి. రొమెరో తనకు నచ్చిన వెర్షన్ అదేనన్నాడు. మాల్ స్పీకర్లలో వచ్చే ఆ తేలికపాటి సంగీతం, జాంబీలు తిరుగుతుంటే బాజాలా మోగే ట్యూన్, అందులోనే సరిగ్గా కుదిరాయి. ఆ ట్యూన్లు చాలావరకు రెడీమేడ్ లైబ్రరీ నుంచి తీసుకున్నవి.

2004 రీమేక్ ఎలా ఉంది?

జాక్ స్నైడర్ మొదటి సినిమా. మొదటి పది నిమిషాలు అదిరిపోతాయి. అందులో జాంబీలు పరుగెత్తుతాయి, టెన్షన్ బాగానే ఉంటుంది. కానీ పరుగెత్తేవాటిని చూసి జాలిపడే టైము ఉండదు, మాల్ కూడా దాక్కునే చోటుగా మిగిలిపోతుంది.

తెలుగులో ఇలాంటివి వచ్చాయా?

ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ 2021లో వచ్చింది. జాంబీలను కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలో పెట్టడం నాకు బాగా నచ్చింది. అక్కడ ముందే ఒకరినొకరు నరుక్కుంటున్నారు కాబట్టి జాంబీ కొత్తగా తెచ్చే హింస ఏముంది అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఇది రొమెరో దారే. అంతకుముందు 2013లో హిందీలో ‘గో గోవా గాన్’ తీసిన రాజ్, డీకే ఇద్దరూ తెలుగువాళ్లే.

క్లైమాక్స్ మార్చారంటారు, నిజమేనా? (ఇంకా చూడనివాళ్లు ఇది దాటేయండి)

నిజమే. మొదట రాసుకున్న ముగింపులో పీటర్ తనను తాను కాల్చుకుంటాడు, ఫ్రాన్ తిరుగుతున్న హెలికాప్టర్ రెక్కల్లోకి తల పెడుతుంది. తీస్తూ తీస్తూ రొమెరోకి ఆ పాత్రల మీద ప్రేమ పెరిగింది, చంపలేకపోయాడు. ఇప్పుడున్న ముగింపులో పీటర్ కణత మీద తుపాకీ పెట్టుకుని, చివరి క్షణంలో మనసు మార్చుకుని పైకి పరుగెత్తుతాడు. హెలికాప్టర్ నడిపేది ఫ్రాన్. ఇంధనం ఎంతుందని అడుగుతాడు. పెద్దగా లేదంటుంది. సరే అంటాడు. తెల్లవారుతుండగా ఎగిరిపోతారు.

కొందరు దీన్ని రాజీ అంటారు. నేను ఒప్పుకోను. దీనికి కాస్త ముందు స్టీఫెన్ జాంబీగా లేచి పై గదికి వెళ్లే దారి కనిపించకుండా వాళ్లే కట్టుకున్న దొంగ గోడ దగ్గరికి నేరుగా నడిచి వస్తాడు, ఎందుకంటే ఆ గది తనదని అతనికి గుర్తుంది. వెనకాల గుంపుని కూడా తెస్తాడు. అన్నీ పోయాక అతనిలో మిగిలింది ఆ చోటు మీది మమకారం ఒక్కటే. పీటర్, ఫ్రాన్ మాల్‌లోంచి ఒక్క వస్తువు కూడా పట్టుకెళ్లరు. ఆమె పొట్టలో బిడ్డ, ట్యాంకులో కొంచెం ఇంధనం, అంతే.

ఆ మాల్ ఇప్పటికీ ఉందా?

సినిమాలో కనిపించిన ఐస్ రింక్‌ని 1984లోనే తీసేసి, ఆ చోట ఫుడ్ కోర్ట్ పెట్టారు. సినిమా అభిమానులు దశాబ్దాలుగా అక్కడికి వెళ్తూనే ఉన్నారు, లోపల రొమెరో విగ్రహం కూడా పెట్టారు. ఆయన 2017 జూలైలో టొరంటోలో చనిపోయారు. 2025లో మాల్‌ని వాల్‌మార్ట్ కొనేసింది, దాని చోట వేరే కట్టడాలు వచ్చే ప్లాన్ ఉంది. చూడాలనుకునేవాళ్లు వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. లోపలికి వెళ్లగలిగితే, ఎస్కలేటర్ పైన నిలబడి ఒకసారి కిందికి చూడండి.